దసైన్‌కి ఇల్లు చేరని పిల్లలు



దసరాకి వారం ముందు కాట్మండులో రెండు చోట్ల కాసేపు నిలబడితే చాలు, ఆ దేశం సంగతి సగం తెలిసిపోతుంది. మొదటి చోటు నగరానికి పడమటి కొసన ఉన్న కలంకి కూడలి. అక్కడ బస్సులన్నీ ఊరు వదిలి పోతుంటాయి. లోపల సీట్లు నిండి, నడవలో మోడాలు వేసి, టాపు మీద మూటలు కట్టి, సందు దొరికిన చోటల్లా మనిషిని కూర్చోబెట్టి బయల్దేరతాయి. రెండో చోటు త్రిభువన్ విమానాశ్రయం. గల్ఫ్ నుంచి, మలేషియా నుంచి పండక్కి ఇంటికొచ్చే కూలీలు టేపు చుట్టిన అట్టపెట్టెలు తోసుకుంటూ బయటికి వస్తుంటారు. వాళ్ల పక్కనే, వీపున మనిషంత బ్యాగులతో, బూట్లకి ఇంకా మట్టి అంటని విదేశీ కుర్రకారు.

వానలు వెలిసి హిమాలయం తేటగా కనిపించేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. కొండలెక్కడానికి వచ్చేవాళ్లకి అదే ముఖ్యమైన సీజను. నేపాల్ పెద్ద పండగలు రెండూ, దసైన్, తిహార్, ఎక్కువగా ఆ నెలల్లోనే పడతాయి. అందుకే ఆ కుర్రకారులో కొందరి ప్రణాళిక ఇలా ఉంటుంది: రెండు వారాలు కొండలు, మూడు వారాలు ఏదో ఒక పిల్లల ఆశ్రమంలో సేవ. పండగ రోజుల్లో అమ్మానాన్నా లేని పిల్లలకి తోడుగా ఉండడం. వినడానికి ఎంత బాగుందో! అందులో ఉన్న చిక్కేమిటో ఇవాళ చెప్పుకుందాం. అంతకంటే ముందు ఆ పండగ సంగతి తెలియాలి.

దసైన్ అంటే మన దసరాయే. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమిన మొదలై పున్నమి దాకా పదిహేను రోజులు సాగుతుంది. పాడ్యమి నాడు ఘటస్థాపన. పూజగదిలో ఇసుకా మట్టీ పరిచి, కలశం పెట్టి, చుట్టూ బార్లీ గింజలు చల్లుతారు. ఆ గదిలోకి ఎండ పొడ రానివ్వరు. రోజూ నీళ్లు చిలకరిస్తారు. పదో రోజుకి ఆ గింజలు జానెడు మొలకలవుతాయి. వెలుతురు తగలలేదు కనక పచ్చగా కాదు, లేత పసుపు రంగులో ఉంటాయి. వాటిని జమరా అంటారు. పెళ్లిళ్లలో, ఆలయ ఉత్సవాల్లో అంకురార్పణ చూసిన తెలుగువాళ్లకి ఆ మూకుళ్లూ, ఆ మొలకలూ కొత్తవి కావు.

విజయదశమి నాడు అసలు ఘట్టం. ఇంట్లో పెద్దవాళ్లు చాప మీద కూర్చుంటారు. బియ్యం, పెరుగు, ఎర్ర రంగు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని టికా అంటారు. మనకి టీకా అంటే సూదిమందు, లేదా పద్యానికి రాసే వ్యాఖ్యానం. వాళ్లకి టికా అంటే బొట్టు. బొట్టంటే వేలితో పెట్టే చుక్క కాదు. నుదురంతా కప్పేసే గుప్పెడు ముద్ద. తాత మనవడి నుదుటికి దాన్ని అద్ది, చెవి వెనక జమరా మొలకలు గుచ్చి, ఆశీర్వచనం చదివి, చేతిలో దక్షిణ పెడతాడు. తర్వాత నాన్న, అమ్మ, పెదనాన్న, మేనమామ... వయసు వరసలో ఒక్కొక్కరూ. తెలంగాణ పల్లెల్లో జమ్మి ఆకుని బంగారమని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లకు మొక్కే వేళ ఇంట్లో ఏ వరస నడుస్తుందో, అదే వరస ఇది. కొన్ని జనజాతుల వాళ్లు ఎరుపు కలపకుండా తెల్ల టికా పెట్టుకుంటారు. ఇంట్లో చావు జరిగిన ఏడాది టికా పెట్టుకోరు.

ఈ తంతు ఒక్క రోజుతో అయిపోదు. పున్నమి దాకా ఐదు రోజులు చుట్టాల ఇళ్లకి తిరిగి తిరిగి టికా పెట్టించుకుంటారు. రాచరికం ఉన్న రోజుల్లో రాజుగారు నారాయణహితి మహల్లో జనానికి టికా పెట్టేవాడు. 2008లో రాచరికం పోయింది. ఇప్పుడు ఆ పని రాష్ట్రపతి భవనమైన శీతల్ నివాస్‌లో జరుగుతుంది. పెద్ద చేయి చిన్న నుదుటిని తాకాలి. పండగ అంతా ఆ తాకిడి చుట్టూనే తిరుగుతుంది.

మరి పిల్లల వాటా ఏమిటి? కొత్త బట్టలు, గాలిపటాలు, దక్షిణ డబ్బులు, ఉయ్యాల. గాలిపటాలు ఎగిరితే ఇంద్రుడికి కబురు అందుతుందని, ఇంక వానలు చాలించమని ఆయన్ని అడిగినట్టేనని అక్కడి నమ్మకం. ఉయ్యాల పేరు పింగ్. నాలుగు పొడవాటి పచ్చి వెదుళ్లు పాతి, కొసలు వంచి కట్టి, మోకు వేలాడదీసి ఊరంతా కలిసి కడతారు. దసైన్‌లో ఒక్కసారైనా కాళ్లు నేలని వదలాలంటారు. ముసలమ్మలు కూడా వచ్చి ఒక ఊపు ఊగి పోతారు.

ఇప్పుడు ఒక ఆశ్రమం ముంగిట్లోకి వెళ్దాం. కాట్మండు చుట్టుపక్కల, పోఖరా సరస్సు దగ్గర, చిత్వన్ అడవి దారిలో ఇలాంటి పిల్లల ఇళ్లు చాలా ఉన్నాయి. విజయదశమి పొద్దున పిల్లలందరికీ స్నానాలయ్యాయి, కొత్త చొక్కాలు వేశారు. చాప మీద కూర్చుని టికా పెట్టడానికి పెద్దవాళ్లు కావాలి. వార్డెనూ, వంటమనిషీ ఉన్నారు. నెల కిందట వచ్చిన ఇరవై రెండేళ్ల విదేశీ అమ్మాయి కూడా ఉంది. పిల్లలు ఆమెని దీదీ అంటారు, అంటే అక్క. ఆమె చేతికి కూడా టికా పళ్లెం అందిస్తారు. ఒక ఏడేళ్లవాడు ఆమె ముందు తల వంచుతాడు. ఆమె కళ్లు చెమరుస్తాయి. ఎవరో ఫొటో తీస్తారు. సాయంత్రానికి ఆ ఫొటో సముద్రాలు దాటుతుంది. ఆమెలో కపటం లేదు. పిల్లవాడి నవ్వులోనూ లేదు. ఫొటోలో లేనిది ఇంకొకటుంది: అదే పొద్దున ఏ కొండ మీదో మరో చాప మీద కూర్చుని, ఆ కుర్రాడి కోసం ఎదురుచూస్తున్న అతని తల్లి.

ఇది కల్పించి చెప్పే మాట కాదు. 2004 చివర్లో కానర్ గ్రెన్నన్ అనే అమెరికా యువకుడు ఏడాది పాటు ప్రపంచం చుట్టి రావాలని బయల్దేరి, ముందుగా నేపాల్ వచ్చాడు. కాట్మండు లోయ దక్షిణపు అంచున గోదావరి అనే ఊరుంది. మన నది పేరే. ఆ ఊళ్లో లిటిల్ ప్రిన్సెస్ అనే పిల్లల ఇంట్లో మూడు నెలలు పని చేయడానికి ఒప్పుకున్నాడు. పిల్లల కోసం ఏదో చేసెయ్యాలన్న ఆరాటం తనకి లేదని, ఏడాది పాటు తిరగడానికి ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ చెప్పుకునేందుకు ఒక మంచి సాకు కావలసి వచ్చిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అక్కడి పిల్లలందరూ అనాథలనే అతనికి చెప్పారు. పిల్లలు అతన్ని బ్రదర్ అని పిలిచారు.

కొన్నాళ్లకి ఒక ఆడమనిషి ఆ ఇంటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె అక్కడున్న ఇద్దరు పిల్లల తల్లి. వచ్చింది హుమ్లా జిల్లా నుంచి. నేపాల్‌కి వాయవ్య మూల, టిబెట్ సరిహద్దున ఉన్న ఆ జిల్లాకి అప్పట్లో రోడ్డు లేదు. సిమికోట్ అనే చోట చిన్న విమానాలు దిగే బాట ఒకటి ఉంది. అక్కడి నుంచి ఏ ఊరికైనా కాలినడకే. ఆమె కథతో మొత్తం డొంక కదిలింది.

1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో మావోయిస్టులకీ ప్రభుత్వానికీ యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి కొండ జిల్లాల్లో ఇంటికొకరిని దళంలోకి పంపాలన్న ఒత్తిడి. బళ్లు మూతపడ్డాయి. సరిగ్గా ఆ సమయంలో దళారులు ఊళ్లలోకి దిగారు. మీ పిల్లల్ని కాట్మండు తీసుకెళ్తాం, మంచి బళ్లో చదివిస్తాం, తిండీ బట్టా చూసుకుంటాం అన్నారు. తల్లిదండ్రులు పొలం అమ్మి, అప్పు చేసి, ఆ దళారికే డబ్బు కట్టి మరీ పిల్లల చేయి అప్పగించారు. మన పల్లెల్లో పిల్లాణ్ణి బస్సెక్కించి పట్నం హాస్టల్లో చేర్చే తండ్రికీ వాళ్లకీ తేడా ఏమీ లేదు. ఒక్కటి తప్ప: హాస్టల్ పిల్లవాడు దసరాకి ఇంటికొస్తాడు, ఈ పిల్లలు రాలేదు. నగరం చేరాక వాళ్లలో కొందరిని కాగితాల మీద అనాథల్ని చేశారు. బతికున్న తండ్రికి మరణపత్రం పుట్టింది. పేర్లు మారాయి.

గ్రెన్నన్ ఇంటికి పోయాడు, మళ్లీ వచ్చాడు. 2006లో నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అనే సంస్థ పెట్టాడు. యుద్ధం అప్పుడప్పుడే ముగుస్తున్న రోజుల్లో పిల్లల ఫొటోలు జేబులో పెట్టుకుని హుమ్లా కొండలెక్కాడు. ఊరూరా తిరిగి, ఫొటో చూపించి, ఈ బాబు మీవాడేనా అని అడిగాడు. చనిపోయారన్న తల్లులు బయటికి వచ్చి, ఏళ్ల తరబడి చూడని కొడుకు మొహాన్ని ఫొటోలో తడిమారు. ఆ అనుభవాన్ని అతను లిటిల్ ప్రిన్సెస్ అనే పేరుతోనే పుస్తకంగా రాశాడు. సేవ చేయడానికి వచ్చినవాడు చివరికి చేసిన పనల్లా ఆ పిల్లల ఇంటి దారి వెతకడమే.

ఇదేదో ఒక్క ఆశ్రమం కథా అంటే, కాదు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. ప్రపంచమంతా జాలిపడింది, విరాళాలూ వాలంటీర్లూ బయల్దేరారు. ఆ జూన్‌లో యూనిసెఫ్ ఒక హెచ్చరిక విడుదల చేసింది. భూకంపానికి ముందే నేపాల్ ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో 85 శాతానికి పైగా మందికి తల్లో తండ్రో, కనీసం ఒక్కరు బతికే ఉన్నారని అందులో చెప్పింది. అక్రమ రవాణా నుంచీ, అవసరం లేకుండా ఆశ్రమాల్లో చేర్చడం నుంచీ అప్పటికే కనీసం 245 మంది పిల్లల్ని కాపాడినట్టు కూడా తెలిపింది. ప్రభుత్వం విదేశీ దత్తతల్ని ఆపేసింది. కొత్త ఆశ్రమాలకి అనుమతులు నిలిపేసింది. అమ్మానాన్నలో, సరైన సంరక్షకుడో వెంట లేకుండా పదహారేళ్ల లోపు పిల్లల్ని జిల్లా దాటించకూడదని కట్టడి పెట్టింది. అంతకు ఐదేళ్ల ముందే, 2010 ఆగస్టులో, వీధిలో దొరికారని చూపిన పిల్లల కాగితాలు నమ్మలేక అమెరికా నేపాల్ నుంచి అలాంటి దత్తతలు ఆపేసిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో లెక్క మరీ ముఖ్యం. నేపాల్‌లో అప్పుడు 75 జిల్లాలు. నమోదైన పిల్లల ఆశ్రమాల్లో తొంభై శాతం కాట్మండు లోయ, పోఖరా, చిత్వన్ ప్రాంతాల్లోనే ఉన్నాయని అదే హెచ్చరికలో ఉంది. పేదరికం ఎక్కువున్నది హుమ్లాలో, కర్ణాలీ కొండల్లో. ఆశ్రమాలున్నది పర్యాటకులు తిరిగే చోట. అనాథలు పుట్టే చోట అనాథాశ్రమం లేకుండా, హోటళ్లున్న చోట ఉందంటే, అక్కడ ఎవరి అవసరం తీరుతున్నట్టు?

ఈ వ్యాపారం నడిచే తీరు కూడా సూటిగానే ఉంటుంది. వాలంటీరు డబ్బు కట్టి వస్తాడు. ఆ డబ్బులో కొంత ఏజెంటుకి, కొంత ఆశ్రమానికి. తిరిగి వెళ్లాక ఊళ్లో విరాళాలు పోగుచేసి పంపుతాడు. ఆశ్రమం బాగుపడితే అతని గుండె కరగదు, జేబూ కరగదు. అందుకని కొన్ని చోట్ల పిల్లల్ని కావాలనే చిరుగుల బట్టల్లో ఉంచుతారు, పంపిన బొమ్మల్ని పెట్టెల్లోంచి తీయనివ్వరు. పండగలొస్తే గిరాకీ మరింత. తిహార్‌లో రెండో రోజు కుక్కలకి బంతిపూల దండలు వేసి బొట్టు పెట్టే కుకుర్ తిహార్ ఫొటోలు లోకమంతా చూస్తుంది. ఆ పక్కనే బొట్టు పెట్టుకున్న పిల్లల ఫొటోలూ తిరుగుతుంటాయి. అన్ని ఆశ్రమాలూ ఇలాంటివే అనడం అన్యాయం. నిజంగా ఎవరూ లేని పిల్లల్ని కడుపులో పెట్టుకుని సాకే ఇళ్లూ ఉన్నాయి. కానీ మూడు వారాల అతిథికి ఆ రెండింటి తేడా కనిపెట్టే వీలే లేదు. నేపాలీ రాదు, కాగితాలు చదవలేడు, పిల్లవాడి ఊరెక్కడో అడగలేడు.

పోనీ, ఆశ్రమం మంచిదే అనుకుందాం. వచ్చిన మనిషీ మంచిదే. అప్పుడైనా ఒక నష్టం ఉంది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 సంవత్సరం ప్రాంతంలో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు, చార్లెస్ నెల్సన్, చార్లెస్ జీనా, నేథన్ ఫాక్స్, ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఆశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీట్లు తీసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు, మిగతా సగం ఆశ్రమాల్లోనే పెరిగారు. ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాలకి వెళ్లిన పిల్లల తెలివితేటలూ, అనుబంధాలూ మెరుగుపడ్డాయి. ఎంత చిన్న వయసులో వెళితే అంత మేలు జరిగింది. ఆశ్రమాల్లో పెరిగే పిల్లల్లో ఇంకో లక్షణాన్ని కూడా పరిశోధకులు చాలాసార్లు రాశారు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఒళ్లోకైనా జంకు లేకుండా ఎక్కేస్తారు. ఇంట్లో పెరిగిన మూడేళ్ల పిల్ల కొత్తవాళ్లని చూస్తే అమ్మ చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంటుంది. దాక్కోవడానికి ఒక చీర ఉందని ఆ పిల్లకి తెలుసు.

గేటు తీయగానే పిల్లలంతా పరిగెత్తుకొచ్చి చేతులకి వేలాడారని వాలంటీర్లు మురిసిపోతూ రాసుకుంటారు. దాన్ని ప్రేమ అనుకుంటారు. మూడు వారాలయ్యాక విమానం ఎక్కుతారు. మరుసటి నెల ఇంకో దీదీ వస్తుంది. ఏడాదికి పది మంది అక్కలు, పది మంది అన్నలు, ఇరవై వీడ్కోళ్లు. వెళ్లిన ప్రతి ఒక్కరికీ అది ఒక్క కన్నీటి రోజు. పిల్లవాడికి మాత్రం అదే చదువు: దగ్గరికొచ్చినవాళ్లు వెళ్లిపోతారు.

ప్రపంచం ఈ సంగతి ఆలస్యంగా గ్రహించింది, అయినా గ్రహించింది. కంబోడియాలో ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2011లో ఒక ప్రచారం చేపట్టింది. పిల్లలు చూడదగ్గ స్థలాలు కారన్నది దాని సారం. 2017 డిసెంబరులో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. 2019 అక్టోబరులో లండన్‌లో యువజన సదస్సులో హ్యారీ పోటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్, అనాథాశ్రమాల్లో వాలంటీరు పనికి వెళ్లొద్దని కుర్రకారుకి నేరుగా చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ పిల్లల హక్కుల తీర్మానంలో ఆశ్రమ పర్యాటకం వల్ల కలిగే హాని గురించి దేశాలకి హెచ్చరిక చేర్చింది.

నేపాల్ చట్టం కూడా స్పష్టమే. పర్యాటక వీసా మీద వచ్చినవాళ్లు జీతం ఉన్నా లేకున్నా పని చేయకూడదు. వాలంటీరు పనికీ ఇదే వర్తిస్తుంది. 2018లో వచ్చిన బాలల చట్టం, తల్లిదండ్రులు చూసుకోలేని బిడ్డని ముందు బంధువుల దగ్గర, తర్వాత వేరే కుటుంబంలో ఉంచాలని, ఆశ్రమాన్ని చిట్టచివరి దారిగా చూడాలని చెబుతుంది. పిల్లలు ఆపదలో ఉన్నారనిపిస్తే నేపాల్‌లో 1098కి ఫోన్ చేయవచ్చు. తప్పిపోయిన పిల్లల కోసం 104 ఉంది. 1098 మనకి కొత్త అంకె కాదు. భారతదేశంలో చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరూ అదే.

మరి సేవ చేయాలనుకునే మనిషి ఏం చేయాలి? చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకునే పని తప్ప మిగతా పనులు చాలా ఉన్నాయి. ఉపాధ్యాయురాలైతే పిల్లలకి కాకుండా అక్కడి ఉపాధ్యాయులకి శిక్షణ ఇవ్వవచ్చు. ఆమె పోయాకా ఆ విద్య అక్కడే ఉంటుంది. ఇంజనీరైతే ఊరిబడికి మరుగుదొడ్డి కట్టడంలో సాయపడవచ్చు. లెక్కలు తెలిసినవాడు సంస్థ లెక్కలు సరిచూడవచ్చు. డబ్బే ఇవ్వదలిస్తే, తల్లి మేకల్ని కొనుక్కోవడానికో, ఊళ్లోనే బిడ్డ బడి ఖర్చుకో చేరేలా ఇవ్వవచ్చు. ఆశ్రమంలో ఒక మంచానికి అయ్యే ఖర్చు ఇంటి దగ్గర ఒక కుటుంబాన్నే నిలబెట్టగలదు.

పండగ వేళకి మాత్రం ప్రత్యేకమైన పని ఒకటుంది. పిల్లల్ని సొంత ఊళ్లకి చేర్చే సంస్థలు దసైన్‌ని ఒక అదనుగా వాడుకుంటాయి. ఏళ్ల తరబడి దూరమైన బిడ్డని ఒక్కసారిగా ఇంట్లో దింపితే రెండు వైపులా బెదురు ఉంటుంది. పిల్లవాడు నగరపు నేపాలీ మాట్లాడతాడు, ఇంటి భాష మరిచిపోయి ఉంటాడు. కట్టెలు మోయడం రాదు. తల్లికి ఈ పొడుగాటి కుర్రాడు తన కొడుకేనా అన్న సందేహం. అందుకే ముందు పండక్కి పంపుతారు. తాత టికా పెడతాడు, మేనత్త దక్షిణ ఇస్తుంది, ఊరి పిల్లలు పింగ్ మీద చోటిస్తారు. పండగలో ఎవరికీ కొత్త ఉండదు. పదిహేను రోజులకి మళ్లీ నగరానికి వచ్చి బడిలో చేరతాడు. మరో ఏడు ఇంకొన్ని రోజులు ఉంటాడు. అలా రెండు మూడు పండగలయ్యాక కొందరు తిరిగి రారు. ఆ సంస్థలకి అంతకన్నా మంచి వార్త ఉండదు. ఆ ప్రయాణానికి కావలసిందల్లా బస్సు టిక్కెట్టు, వెంట వెళ్లడానికి భాషా దారీ తెలిసిన నేపాలీ కార్యకర్త. విదేశీ వాలంటీరు ఆ బస్సు ఎక్కడు. ఆ టిక్కెట్టుకి డబ్బు ఇవ్వగలడు.

మన సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో దసరా సెలవుల ముందు రోజు గేటు దగ్గర నిలబడ్డవాళ్లకి ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. ట్రంకుపెట్టెలు వరసగా ఉంటాయి. నాన్నలు, మేనమామలు వస్తారు. సంతకం పెట్టి పిల్లని తీసుకుపోతారు. సాయంత్రమయ్యేకొద్దీ మెట్ల మీద కూర్చున్న పిల్లల సంఖ్య తగ్గిపోతుంది. ఇంకా ఎవరూ రానివాళ్లు గేటు వైపే చూస్తుంటారు. ఆ వేళ అక్కడికి ఎవరో కొత్త పెద్దమనిషి మిఠాయి డబ్బాతో వస్తే మిఠాయి తీసుకుంటారు, థాంక్యూ సార్ అంటారు. చూపు మాత్రం గేటు మీద నుంచి తిప్పరు.

దసైన్ అయిన పదిహేను రోజులకి తిహార్ వస్తుంది. మన దీపావళే, ఐదు రోజులు. మొదటి రోజు కాకులకి, రెండో రోజు కుక్కలకి, మూడో రోజు ఆవులకి పూజ. ఆ రాత్రి లక్ష్మీపూజ. ఆడపిల్లలు భైలో పాడుతూ, మర్నాడు మగపిల్లలు దేవుసీ పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. బలి చక్రవర్తి పంపితే వచ్చామని చెప్పుకుంటారు. గృహస్థులు చేటలో బియ్యం, దీపం, డబ్బులు, గుండ్రటి సెల్ రొట్టెలు పెట్టి ఇస్తారు. కోస్తాలో ఒకప్పుడు పంతులుగారి వెంట విల్లంబులు పట్టుకుని దసరా పద్యాలు పాడుతూ పప్పుబెల్లాలకి తిరిగిన పిల్లల వారసులు వీళ్లేనా అనిపిస్తుంది. ఇప్పుడు నేపాల్ యువజన సంఘాలు బడికీ, ఆస్పత్రికీ చందాలు పోగుచేయడానికి కూడా దేవుసీ ఆడుతున్నాయి. ఎవరి వీధిలో వాళ్లు, ఎవరి పిల్లలతో వాళ్లు చేసుకునే సేవ అది.

ఐదో రోజు భాయ్ టికా. మనం యమద్వితీయ అంటాం, భగినీ హస్త భోజనం అంటాం. యముడు చెల్లెలు యమున ఇంటికి వెళ్లిన రోజు. నేపాల్ అక్కచెల్లెళ్లు అన్నదమ్ముల చుట్టూ నూనె ధారతో గిరి గీస్తారు, యముడు దాటకూడదని. గుమ్మం దగ్గర అక్రోటు కాయ పగలగొడతారు. నుదుటి మీద నిలువుగా ఏడు రంగుల టికా దిద్దుతారు. ఎన్నాళ్లయినా వాడని మఖమలీ పూల దండ మెడలో వేస్తారు.

అక్కో చెల్లో, అన్నో తమ్ముడో లేనివాళ్ల సంగతేమిటి? దానికి కాట్మండులో ఒక ఏర్పాటు ఉంది. నగరం నడిబొడ్డున రాణీ పోఖరి అనే కోనేరు. 1670లో ప్రతాప మల్ల రాజు తవ్వించాడు. కొడుకు చనిపోయి కుమిలిపోతున్న రాణిని ఓదార్చడానికి, ఎన్నో పుణ్యతీర్థాల నీళ్లు తెప్పించి అందులో పోయించాడు. మధ్యలో ఒక గుడి, దానికి చేరడానికి సన్నటి వంతెన. 2015 భూకంపంలో గుడి దెబ్బతింది. సిమెంటు వాడకూడదని జనం పట్టుబట్టి, పాత పద్ధతిలోనే కట్టించుకున్నారు. 2020లో పని పూర్తయింది.

ఆ గుడి గేటు ఏడాదిలో ఒక్క రోజే, భాయ్ టికా నాడే, జనానికి తెరుస్తారు. పొద్దున్నే వంతెన మీద వరస మొదలవుతుంది. నెరిసిన జుట్టువాళ్లుంటారు, కాలేజీ పిల్లలుంటారు, ఒంటరిగా వచ్చిన పెద్దావిడ ఉంటుంది. ఒక్కొక్కరూ లోపలికి వెళ్లి, దణ్ణం పెట్టి, ఏడు రంగుల టికా పెట్టించుకుని బయటికి వస్తారు. రోజు గడిచాక గేటు వేస్తారు, నీళ్ల మధ్య గుడి మళ్లీ ఏడాది పాటు ఒంటరిగా మిగులుతుంది. వరసలో నిలబడ్డవాళ్లు మాత్రం నుదుటి మీద రంగులు ఆరకముందే రత్నపార్కు దగ్గర బస్సులెక్కి, ఎవరి వీధులకి వాళ్లు వెళ్లిపోతారు.